ప్రాణతాడు మీద ఒక్క గుంజు

1957 జనవరి నెలాఖరులో నన్ను కర్నూలు జిల్లాలో తుంగభద్ర మీదున్న ఒక పాత ఆనకట్టకు సూపర్వైజరుగా వేశారు. ఆనకట్ట పేరు, ఊరి పేరు రాయడం లేదు. అక్కడ జరిగిన పొరపాటు నాది, ఊరిది కాదు. సూపర్వైజరంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. పైన సబ్ డివిజన్ చూసుకునే అసిస్టెంట్ ఇంజనీరు, కింద కాలువ కాసే లస్కర్లు, మోత పనీ తాడు పనీ చేసే ఖలాసీలు. మధ్యలో ఎండకు నిలబడి కొలతలు రాసేవాడు సూపర్వైజరు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయి అప్పటికి మూడు నెలలు. ఆఫీసులతో పాటు సగం ఫైళ్ళు పోయాయి, మిగిలిన సగం ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అడిగిన సామాను వస్తే ఆశ్చర్యపోయే రోజులవి.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక సామాను నిజంగానే వచ్చింది. డైవరు సెట్టు, అంటే నీళ్ళ అడుగున పనిచేసే మనిషికి కావలసిన సరంజామా. రేవు పట్నం నుంచి లారీలో బయలుదేరి, ఎగువనున్న ఇంకో ప్రాజెక్టుకు పోతూ, దారిలో మా దగ్గర మూడు రోజులు ఆగాలని ఉత్తర్వు. రబ్బరు పూసిన కాన్వాసు ఉడుపు, దాని మెడకు మరలతో బిగించే రాగి టోపీ, రెండు చేతులా ఎత్తాల్సిన సీసం బూట్లు, ఇద్దరు మనుషులు చక్రాలు తిప్పితే గాలి పంపే పెట్టె, ఆ గాలిని టోపీలోకి చేర్చే గొట్టం, నడుముకు కట్టే తాడు. ఆ తాడును ప్రాణతాడు అనేవాళ్ళం. టెలిఫోను ఉన్న సెట్లు అప్పటికే వచ్చాయి. మాకు వచ్చింది వాటి తాత. నీళ్ళ కింది మనిషి పైవాళ్ళతో ఏం చెప్పుకున్నా ఆ తాడు గుంజి చెప్పుకోవాల్సిందే. ఒడ్డున తాడు కొస పట్టుకునేవాణ్ణి తాడుమనిషి అంటారు. అతను తన కన్నూ చెయ్యీ ఇంకో పనికి మళ్ళించకూడదని నియమం.

సెట్టుతో పాటు దాని డైవరు సూరన్న వచ్చాడు. విశాఖపట్నం వైపు మనిషి. యాభై దాటినవాడు, తక్కువ మాట్లాడేవాడు. మొదటి రోజే నన్ను ఈతొచ్చా అని అడిగాడు. రాదన్నాను. నాది మైదుకూరు దగ్గర పల్లె. మా ఊళ్ళో మోకాలి లోతు నీళ్ళు చూస్తేనే పండగ. నీటిపారుదల శాఖలో ఈత రాని దొరగారా అని సూరన్న నవ్వాడు. నవ్వినందుకు కోపం రాలేదు, నిజమే కదా.

ఉత్తర్వులో రెండు పనులున్నాయి. వేసవిలో కాలువ మూసేముందు ఆనకట్ట తూము తలుపులు కూర్చునే గాడిని సూరన్న కింద తడిమి చూడాలి. అంతకంటే ముందు మా ఖలాసీలలో ఇద్దరిని ఎంపిక చేసి వాళ్ళకు దిగడం నేర్పాలి. ఏటా డైవరు కోసం రేవు పట్నానికి రాయడం, అతను వచ్చేసరికి వానలు పడటం మామూలైపోయింది. సొంత మనుషులుంటే ఆ బాధ తప్పుతుందని పైవాళ్ళ ఆలోచన. మంచి ఆలోచనే. కొత్తవాళ్ళ మొదటి దిగుడుకు ‘అనువైన, ప్రమాదరహితమైన స్థలం’ ఎంచుకునే బాధ్యత పేరు పెట్టి మరీ నా మీద వేశారు.

ఇద్దరిలో ఒకడు ఖాసిం. ఆనకట్ట రాకముందు నుంచీ అక్కడి ఏటి రేవులో బల్లకట్టు నడిపిన ఇంటివాడు. రెండోవాడు ఏసేపు. కోసిగి దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు. ఏటా ఎండాకాలం ఊరూరా తిరిగి బావులు లోతు చెయ్యడం వాళ్ళ పని. ఏసేపు అడుగున సుత్తి కొడితే, అతని భార్య మరియమ్మ గట్టు మీద తాడు పట్టేది. ఏడాదిగా ఇద్దరూ ఆనకట్ట దగ్గర వర్క్‌చార్జ్డు మీద ఉన్నారు. అంటే పని ఉన్నన్నాళ్ళే మనిషి, పని అయిపోతే పేరు కొట్టేస్తారు. శిక్షణ ముగించినవాణ్ణి ఖాయం చేస్తామని ఉత్తర్వులో ఉంది. ఏసేపు ఆ సంగతి నాతో ఒకేసారి మాట్లాడాడు. “ఖాయమైతే ఒక్క తావున ఉండొచ్చు సార్” అన్నాడు. వాళ్ళ పిల్లలిద్దరూ ఊళ్ళో అవ్వ దగ్గర ఉన్నారని, సంవత్సరంలో సగం రోజులు తల్లిదండ్రుల మొహం చూడరని తర్వాత తెలిసింది. నేను అతన్ని ఎంచుకోవడానికి కారణం వేరు. నలభై అడుగుల బావి అడుగున చీకట్లో పనిచేసినవాడికి కొన్ని అడుగుల నీళ్ళంటే భయమేముంటుంది అనుకున్నాను.

మొదటి రోజంతా స్థలాలు చూడటానికే సరిపోయింది. తూము ముఖం దగ్గరే నేర్పితే పనీ నేర్పూ రెండూ అవుతాయని నేను అనుకున్నాను. సూరన్న ఒక గుడ్డపేలికకు చిన్న బరువు కట్టి అక్కడ దించాడు. తలుపు కింది సందులోంచి నీళ్ళు కారుతుండడంతో పేలిక పోయి తలుపుకు అతుక్కుంది. లాగితే సగమే చిరిగి వచ్చింది. ఆ సగాన్ని నా చేతిలో పెట్టాడు. ఆ చోటు గురించి మేం ఇంక మాట్లాడుకోలేదు.

తర్వాత ఆనకట్ట దిగువనున్న మడుగు చూశాం. బండలు మెట్లు మెట్లుగా నీళ్ళలోకి దిగిపోయి ఉంటాయి. ఆ నెలలో నీళ్ళు తేరుకొని పది అడుగుల కింది చేపపిల్లలు కూడా లెక్కపెట్టేటట్టు కనిపిస్తాయి. నాకు చాలా నచ్చింది. అసిస్టెంట్ ఇంజనీరు గారికి ఇంకా నచ్చింది, చూడటానికి వచ్చే పెద్దమనుషులకు అక్కడ నీడ ఉంది కనుక. సూరన్న గొట్టం ముక్కకు రాయి కట్టి బండల మధ్య ఈడ్చి చూపించాడు. మూడుసార్లు ఈడిస్తే రెండుసార్లు ఇరుక్కుంది. కొత్తవాడు అందం చూస్తూ బండ చుట్టూ తిరుగుతాడని, గొట్టం కూడా అతనితో తిరుగుతుందని చెప్పాడు.

“మొదటిసారి దిగేవోడికి నీటి అందం సూపించకూడదు బాబూ, ఒడ్డు సూపించాల” అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన అర్థమైనట్టు కాదని మర్నాడు తెలిసింది.

చివరికి ఎగువన పాత బల్లకట్టు రేవును ఖాయం చేశాం. గుర్తులు పెట్టిన వెదురు గడతో ప్రతి మూడు అడుగులకూ లోతు తీశాను. ఒడ్డు నుంచి మెల్లగా వాలుతూ పోయి పద్నాలుగు అడుగుల దగ్గర ఆగుతుంది. సీసం గుండు అడుగున కొవ్వు మెత్తి దించితే కింద ఉన్నది దానికి అంటుకొని వస్తుంది. ఎనిమిది చోట్ల దించితే ఎనిమిదింటా గరుకు ఇసుకే వచ్చింది, ఒండ్రు లేదు. వేపపుల్ల నీళ్ళ మీద వేసి నూరు లెక్కపెట్టాను, జానెడు కూడా కదల్లేదు. ఒకటే లోపం. తెల్ల పింగాణీ పళ్ళెం దించితే నాలుగు అడుగులకే మాయమైంది. నీళ్ళు మబ్బుగా ఉన్నాయి. అయినా ఆ చోటుకు మిగతా రెండింటికీ లేని గుణం ఉంది. గాలిపెట్టె చెడినా, తాడు తెగినా మనిషి వాలు పట్టుకొని నడిచి ఒడ్డెక్కవచ్చు. నా రిపోర్టులో ఈ వాక్యం కింద గీత గీశాను. స్థలం ఎంపికలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను.

ఆ సాయంత్రం ఇద్దరికీ సంజ్ఞలు నేర్పాను. కార్డు మీద ఇంగ్లీషులో ఉన్నవాటిని తెలుగు చేశాను. ఒక గుంజు అంటే క్షేమం. రెండు గుంజులు, తాడు ఇంకొంచెం వదలండి. మూడు, ఒడ్డుకు వస్తున్నాను. నాలుగు, పైకి లాగండి. పైనుంచి ఒకసారి గుంజితే క్షేమమా అని అడిగినట్టు. ఖాసిం రెండుసార్లు తప్పు చెప్పాడు. ఏసేపు చర్చిలో వాక్యం అప్పజెప్పినట్టు ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. అతని గురించి నాకు దిగులు లేకపోయింది. తప్పు చెప్పినవాణ్ణి పట్టుకొని పదిసార్లు చెప్పించాను, ఒప్పు చెప్పినవాణ్ణి వదిలేశాను.

రెండో రోజు ఉదయం ఖాసిం దిగాడు. పావుగంట కింద తిరిగి, మూడుసార్లు గుంజి, తనంతట తానే రేవు వాలు మీద నడిచి వచ్చాడు. రాగి టోపీ నీళ్ళలోంచి కొద్దికొద్దిగా పైకి లేస్తుంటే చూసేవాళ్ళంతా రేవు అంచుకు తోసుకొచ్చారు. అసిస్టెంట్ ఇంజనీరు గారు నా భుజం తట్టి ఆఫీసుకు వెళ్ళిపోయారు.

పదకొండు దాటాక ఏసేపును సిద్ధం చేశాం. ఉడుపు చేతుల కొసలు మణికట్టుకు బిగుతుగా పట్టాలి, లేకపోతే చెయ్యి పైకెత్తినప్పుడు లోపలి గాలి కొస నుంచి పోయి ఆ చోట నీళ్ళు చేరతాయి. ఏసేపు మనిషి సన్నం, మణికట్లు మరీ సన్నం. సూరన్న ఒక్కో చేతికి రెండు రబ్బరు పట్టీలు వేసి, వేలు దూర్చి చూసి, మూడోది కావాలన్నాడు. పెట్టెలో ఇంక లేవు. ఊళ్ళోకి మనిషిని పంపి పాత సైకిలు ట్యూబు తెప్పిస్తే కోసి వేస్తానన్నాడు. దానికి రెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నం తూము గాడి చూడటం అలాగే ఉంది, మర్నాడు పొద్దున్నే లారీ వెళ్ళిపోవాలి. నేను గడియారం చూసుకొని రెండు చాలన్నాను. సూరన్న ఇంకోసారి పట్టీ కింద వేలు దూర్చి చూశాడు. ఆ పనికి అధికారి నేను. మీ ఇష్టం బాబూ అని టోపీ బిగించాడు.

మా మనుషులు కూడా అన్నీ నేర్చుకోవాలని తాడుమనిషిగా నేనే నిలబడ్డాను. గాలిపెట్టె తిప్పే ఖలాసీలు కొత్తవాళ్ళు కావడంతో సూరన్న వాళ్ళ పక్కన ఉన్నాడు. దిగుడు పుస్తకమని ఒకటుంటుంది. కింది మనిషి ఎప్పుడు ఏ సంజ్ఞ ఇచ్చాడో అందులో వేళతో సహా రాయాలి. అది ఇంకొకరు రాయాల్సిన పని. నాకు మనిషి లేక, పుస్తకం రాతి మీద పెట్టుకొని, ఎడమచేత్తో తాడు, కుడిచేత్తో పెన్సిలు పట్టుకున్నాను. మరియమ్మ నాకు పది అడుగుల వెనక ఏసేపు పంచె, తలగుడ్డ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

ఏసేపు దిగాక అయిదారు నిమిషాలు ఏ ఇబ్బందీ లేదు. బుడగలు వరసగా వస్తున్నాయి. తర్వాత తాడు మీద ఒక గట్టి గుంజు తగిలింది. పుస్తకంలో వేళ వేసి క్షేమం అని రాశాను. జవాబుగా నేనూ ఒకసారి గుంజాను. కాసేపటికి మళ్ళీ ఒక గుంజు. క్షేమం. మళ్ళీ జవాబు ఇచ్చాను. ఇంత శ్రద్ధగా సంజ్ఞలు ఇస్తున్న శిష్యుణ్ణి చూసి నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది. మూడో గుంజు మెత్తగా వచ్చింది. అదీ రాశాను.

అప్పటికే మరియమ్మ లేచి నా పక్కకు వచ్చింది.

“సార్, ఆయప్ప పైకి లాగమంటాండాడు” అంది.

ఒక గుంజంటే బాగున్నాడని అర్థమమ్మా, నువ్వు పోయి కూర్చో అన్నాను. నా గొంతులో విసుగు ఉండే ఉంటుంది. ఆమె కూర్చోలేదు.

“మీ కాయితంలో ఏముందో నాకు తెల్దు సార్. పదేండ్లు బాయి మీద ఆ తాడు పట్టినా. ఆ చెయ్యి నాకు తెలుసు” అంది. అని, నేను వారించేలోపు తాడు పట్టుకుంది.

ఆమె గొంతు విని సూరన్న ఇటు తిరిగాడు. బుడగలు చూశాడు. అవి చాలాసేపటి నుంచి ఒకేచోట వస్తున్నాయి. అంటే మనిషి నడవడం లేదు. ఇదంతా నా కళ్ళ ముందే ఉంది, నా కళ్ళు మాత్రం పుస్తకంలో ఉన్నాయి. సూరన్న ఒక్క అంగలో వచ్చి తాడు అందుకున్నాడు. అతనూ మరియమ్మా ఖాసిమూ కలిసి లాగారు. వాళ్ళ వెనక నేను కూడా పట్టుకున్నాను.

ఏసేపును వాలు మీదికి ఈడ్చి కూర్చోబెట్టి టోపీ ముందరి అద్దం తిప్పి తీస్తే లోపలి నీళ్ళు జారి పడ్డాయి. ఉడుపు నిండా నీళ్ళే. కింద నిలబడ్డప్పుడు గడ్డం దాకా వచ్చాయట. తల వంచినా, కాలు జారి పడినా ముక్కులోకి వచ్చేవి. అతను దగ్గి, ఊపిరి తీసుకొని, మరియమ్మను చూసి, తర్వాత నన్ను చూశాడు. నాలుగుసార్లు ఎందుకు గుంజలేదని అడిగాను. ఆ సమయంలో అడగాల్సిన మాట అది కాదు.

“నేను గుంజితే మీరూ తిరిగి గుంజినారు గదా సార్” అన్నాడు. “ఇన్యారు లే, ఇంగ లాగుతారు లే అని నిలబడుకోనుంటి.”

సంగతి మెల్లగా తెలిసింది. బావి పనిలో కింది మనిషి ఒకసారి గుంజితే పైకి లాగమని. పైవాళ్ళు ఒకసారి గుంజితే విన్నామని, కదలకుండా ఉండమని. పదేళ్ళు చేతికి అలవాటైన భాష అది. నా కార్డు ముందురోజు సాయంత్రం నోటికి వచ్చినది. ఉడుపులో నీళ్ళు నడుము దాటేసరికి నోటికి వచ్చినది పోయింది, చేతికి వచ్చినది మిగిలింది. ఏసేపు లాగమన్నాడు, నేను విన్నామన్నాను. అతను నమ్మి నిలబడ్డాడు. తాడు గుంజడానికి చెయ్యి ఎత్తిన ప్రతిసారీ వదులుగా ఉన్న కొసలోంచి గాలి పోయి ఇంకొంత నీరు చేరింది.

మరి వాలు పట్టుకొని నడిచి ఎందుకు రాలేదు? దీనికి జవాబు వెతకడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. నడిచి ఒడ్డెక్కవచ్చని ఆ రేవును ఎంచుకున్నాను, రిపోర్టులో గీత గీశాను. ఆ సంగతి ఏసేపుకు చెప్పలేదు. ఖాసింకు చెప్పనక్కరలేకపోయింది, అతను ఆ రేవులో పుట్టినవాడు. బావిలో దిగినవాడికి నడిచిపోయే ఒడ్డు ఉండదు. అతనికి తెలిసిన దారి తల మీదే ఉంటుంది. ఒడ్డు చూపించాలని సూరన్న అన్నది ఇదే.

సాయంత్రం అసిస్టెంట్ ఇంజనీరు గారు ఒక పేజీ నివేదిక అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు. పుస్తకం తెరిచి, మూడుచోట్ల క్షేమం అని ఉంది కదా, సంజ్ఞ తప్పు ఇచ్చింది మనిషే కదా అన్నారు. నేను ‘శిక్షణార్థి నిర్ణీత సంజ్ఞ ఇవ్వలేదు’ అని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మూడో పట్టీ సంగతి రాయలేదు. బావి సంజ్ఞ సంగతి రాయలేదు. తాడు ఎవరు పట్టుకుంటే మనిషి బతికాడో రాయలేదు. పెళ్ళయిన కొత్త, ఉద్యోగం ఖాయమై ఏడాది కాలేదు. కారణాలు చెబుతున్నాను కానీ అవి సమర్థనలు కావు. నేను భయపడ్డాను.

ఏసేపును అనర్హుడిగా రాసి పేరు తీసేశారు. మూడో రోజు లారీ వెళ్ళిపోయింది. ఎక్కేముందు సూరన్న నాకు దూరం నుంచే దణ్ణం పెట్టాడు. ఆ మర్నాడు ఏసేపు, మరియమ్మ మూట కట్టుకొని నా క్వార్టరుకు వచ్చారు. ఆ రోజు ఒడ్డున వణుకుతున్నప్పుడు అతనికి నా కంబళి కప్పాము. దాన్ని ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెచ్చి ఇచ్చారు. ఏమీ అడగలేదు. మళ్ళీ పైకి రాస్తాను ఏసేపూ అన్నాను. “మంచిది సార్” అన్నాడు. మరియమ్మ నా మొహంలోకి చూసింది. నేను రాయనని ఆమెకు తెలిసిందనే అనుకుంటాను.

రెండేళ్ళకు నన్ను కడప జిల్లాకు, మా మైదుకూరు వైపే ఒక చెరువు పనికి మార్చారు. అక్కడికి మళ్ళీ ఒక డైవరు సెట్టు వచ్చింది, వేరే డైవరుతో, రెండు రోజుల మజిలీకి. మళ్ళీ నన్నే చోటు ఎంచమన్నారు. గడ, గుండు, పళ్ళెం తీసేముందు దిగబోయే ఇద్దరినీ పిలిచి చెరో తాడు కొస ఇచ్చాను. నోరు మెదపకుండా, నన్ను పైకి లాగు అని చెప్పండి అన్నాను. ఇద్దరూ ఒక్కో గుంజే గుంజారు. కార్డు మార్చేశాను. ఒక గుంజు, లాగండి. క్షేమానికి రెండు. తర్వాత వాళ్ళ కళ్ళకు గుడ్డ కట్టి, ఉత్త కాళ్ళతో నేను ఎంచిన చోటి వాలు మీద మోకాలి లోతు నీళ్ళలో నుంచి పదేసిసార్లు ఒడ్డుకు నడిపించాను, ఒడ్డు ఎటో పాదానికి తెలిసేదాకా. అచ్చు కార్డు మార్చే అధికారం నాకెక్కడిదని పైనుంచి ప్రశ్న వచ్చింది. కింద ఉన్నవాడు కార్డు చదవడం లేదని జవాబు రాశాను.

అదే నెలలో పాత నివేదికలో నేను వదిలేసినవన్నీ రాసి, ఏసేపు తప్పు లేదని, తప్పు నాదని కర్నూలుకు పంపాను. సంబంధిత ఫైలు దొరకడం లేదని, చర్య అవసరం లేదని నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఒకసారి కోసిగి వెళ్ళి వాళ్ళ పల్లె కనుక్కున్నాను. ఇంటి తలుపుకు కంపమండ అడ్డం పెట్టి ఉంది. బావులు తవ్వడానికి రాయచూరు దిక్కు పోయినారని పక్కింటి ముసలాయన చెప్పాడు, ఎప్పుడొస్తారో తెలియదన్నాడు. పిల్లలను కూడా తీసుకుపోయారట. నేను రెండోసారి వెళ్ళలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చాలామందిని నీళ్ళలోకి దించాను. కొత్తవాళ్ళకు చోటు ఎలా ఎంచాలని అడిగేవాళ్ళకు చెప్పేది ఇంతే. లోతు, వాలు, ప్రవాహం, అడుగు చూడండి. అవన్నీ గడతో, గుండుతో తేలిపోతాయి. దిగేవాడు ఇంతకు ముందు ఎక్కడ దిగాడో, అక్కడి నుంచి ఎలా బయటికి వచ్చేవాడో అతన్నే అడగండి. వ్యవధి లేదనిపించినప్పుడు తప్పకుండా అడగండి. దిగుడు పుస్తకంలో క్షేమం అని ఒక గడి ఉంటుంది. మనిషి పైకి వచ్చి, టోపీ తీసి, నోటితో చెప్పేదాకా ఆ గడి ఖాళీగా ఉంచాలి. 1957 ఫిబ్రవరి పుస్తకం ఇంకా ఎక్కడైనా ఉంటే, అందులో నా చేతిరాతతో ఆ మాట మూడుసార్లు ఉంటుంది.